ఆగిన ముట్టుకి పెళ్ళే మందా?

మన భాషలో 'నెల తప్పింది' అంటే ఒకటే అర్థం, కడుపొచ్చిందని. పెళ్ళయిన మనిషి నెల తప్పితే అది పదిమందికీ చెప్పుకునే వార్త. పెళ్ళికాని పిల్ల నెల తప్పితే ఇల్లంతా గొంతు తగ్గించుకుని మాట్లాడుతుంది. మరి కడుపూ గిడుపూ ఏమీ లేకుండా, తిండి చాలకనో, భయంతోనో, పరీక్షల వత్తిడితోనో పదహారేళ్ళ పిల్లకి నాలుగు నెలలు ముట్టు రాకపోతే? ఆ సంగతి చెప్పుకోడానికి మనకి ఒక మామూలు మాట లేదు. 'మా అమ్మాయి సరిగ్గా బయట చేరడం లేదండీ' అని తల్లి డాక్టరు దగ్గర నసుగుతుంది. పిల్ల తలొంచుకుని కూచుంటుంది. అక్కడ మొదట లేచే అనుమానం కడుపేమోనని. అది కాదని తేలాక రెండో బెంగ, రేపు పెళ్ళయితే పిల్లలు పుడతారా అని. పిల్లకి అసలేమైంది, ఏం తింటోంది, దేనికి బెంగపెట్టుకుంది అన్నవి మూడో వరసలోకి పోతాయి. అదీ టైముంటే.

ఈ వరస ఇవాళ మొదలైంది కాదు. చాలా పాత వైద్యగ్రంథాల్లోనే కనపడుతుంది. మనం ఎక్కువగా యూరప్ వైద్యం నేర్చుకున్న డాక్టర్ల దగ్గరికే వెళ్తున్నాం కనక, ఆ వైద్యం పెళ్ళికాని పిల్లల ఆగిపోయిన ముట్టుని ఎలా చూసిందో, ఏ మందిచ్చిందో ముందు చెప్పుకోవాలి. మనింటి సంగతి ఆ తర్వాత చూద్దాం.

హిపోక్రటిస్ పేరు మీద చలామణీ అయ్యే గ్రీకు గ్రంథాల్లో 'కన్యల వ్యాధుల గురించి' అని ఒక చిన్న ముక్క ఉంది. క్రీస్తుకు పూర్వం అయిదు, నాలుగు శతాబ్దాల కాలానిది. నిజంగా ఎవరు రాశారో తెలీదు. అందులో చెప్పేదిది. పెళ్ళీడు వచ్చి పెళ్ళికాని పిల్లలకి రక్తం గర్భసంచి వైపు దిగుతుంది. బయటకి పోయే ద్వారం తెరుచుకుని ఉండదు కాబట్టి అక్కడే చేరుతుంది. తిండివల్లా, ఎదుగుదలవల్లా ఇంకా ఇంకా రక్తం వచ్చి చేరుతుంది. దారి దొరక్క పైకి ఎగదన్ని గుండె మీదా, గుండె కింది పొర మీదా పడుతుంది. గుండె మొద్దుబారుతుంది. ఆ మొద్దుబారడం నుంచి మతి చలిస్తుంది. పిల్ల భయంకరమైన మాటలు మాట్లాడుతుంది. బావిలో దూకమనీ, ఉరేసుకోమనీ ఏవో రూపాలు కనపడి ఆజ్ఞాపిస్తాయి. చావే మేలనిపిస్తుంది. తేరుకున్నాక ఇంటి ఆడవాళ్ళు భవిష్యం చెప్పేవాళ్ళ మాట విని ఆర్తెమిస్ దేవతకి ఖరీదైన బట్టలు సమర్పించుకుంటారు. వాళ్ళు మోసపోతున్నారంటాడు ఈ వైద్యుడు. ఇలాంటి పిల్లలకి వీలైనంత త్వరగా పెళ్ళి చెయ్యండి, కడుపొస్తే ఆరోగ్యం కుదుటపడుతుంది, ఇది నా ఆజ్ఞ అంటాడు.

ఈ చిన్న ముక్కలో ఎన్ని సంగతులున్నాయో చూడండి. ఒక ఈడొచ్చిన పిల్ల చచ్చిపోవాలనుకుంటోంది. ఆ మాట ఆమె నోటితో మనకి వినపడదు. ఎందుకు చావాలనుకుంటోందో అడిగినవాళ్ళు లేరు. గ్రీకు పిల్లలకి పద్నాలుగు, పదిహేనేళ్ళకే, తమకన్నా చాలా పెద్దవాళ్ళతో పెళ్ళి జరిగేది. తల్లిని, చెలికత్తెల్ని, పుట్టిల్లుని వదిలి ముక్కూమొహం తెలీని ఇంటికి వెళ్ళాల్సిన ఆ సమయంలోనే ఆమె బావి వైపు చూస్తోంది. వైద్యుడు ఆ రెండింటికీ ముడిపెట్టాడు, కాని తలకిందులుగా పెట్టాడు. పెళ్ళి భయం జబ్బు తెచ్చిందేమో అన్న ఊహ ఆయనకి రాలేదు. పెళ్ళి కాకపోవడం వల్లే జబ్బన్నాడు. మన పల్లెల్లో బావుల సంగతి తెలిసినవాళ్ళు ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. అత్తింట్లో బతకలేక బావిలో దూకిన కోడళ్ళ కథలు లేని ఊరు మనకుందా?

ఇంకో సంగతి. పెళ్ళయీ పిల్లలు లేని ఆడవాళ్ళకి ఈ జబ్బు ఇంకా ఎక్కువని కూడా రాశాడాయన. అంటే పెళ్ళితో కూడా సరిపోదు, కనాలి. ఆర్తెమిస్‌కి బట్టలిచ్చే ఆడవాళ్ళని ఆయన వెక్కిరించడంలో నాకొక పోటీ కనపడుతుంది. ఆడపిల్ల జబ్బుపడితే ఆడవాళ్ళంతా కలిసి గుడికి వెళ్ళి ఏదో చేసుకునేవాళ్ళు. దానివల్ల జబ్బు తగ్గేదా అంటే అది వేరే సంగతి. ఆ వ్యవహారాన్ని వాళ్ళ చేతుల్లోంచి తీసి తండ్రి చేతిలో, అల్లుడి చేతిలో పెట్టమన్నాడు వైద్యుడు.

దీని వెనక ఆడశరీరం గురించి ఒక లెక్క ఉంది. ఆడదాని కండ ఉన్నిలా వదులుగా ఉంటుంది, మగవాడిది దట్టంగా నేసిన బట్టలా ఉంటుంది అన్నది ఆ గ్రంథాల్లో మరోచోట కనపడే పోలిక. ఉన్ని తడిని పీల్చుకున్నట్టు ఆమె ఒళ్ళు తిన్నదాంట్లోంచి ఎక్కువ రక్తం పీల్చుకుంటుంది, నెలనెలా అది బయటకి పోవాల్సిందే. పోలేదంటే లోపల ఇరుక్కుందన్న మాట. ముట్టు రాకపోవడానికి రెండు కారణాలు ఊహించవచ్చు. రక్తం ఉండి దారిలేక ఆగడం ఒకటి, అసలు ఒంట్లో రక్తమే చాలకపోవడం రెండోది. పాత యూరప్ వైద్యం చాలావరకూ మొదటిదాన్నే పట్టుకుంది. అందుకే దాని మందులన్నీ దారి తెరిచే మందులు. మొగుడు ఒక దారి. కత్తి ఇంకో దారి.

కత్తి అంటే సిర కోసి రక్తం తీయడం. క్రీ.శ. రెండో శతాబ్దంలో రోములో పేరుమోసిన గేలన్, ముట్టు తెప్పించడానికి చీలమండ దగ్గర సిర కోయమన్నాడు. రక్తం కిందికి దిగుతుందని. ముట్టు ఆగి చనిపోయిన ఒక యువతి సంగతి రాస్తూ, రక్తం తీయకపోవడమే తోటి వైద్యులు చేసిన నేరమన్నాడు. పన్నెండో శతాబ్దపు సలెర్నోలో త్రోతులా పేరుతో వ్యాపించిన స్త్రీల వైద్యగ్రంథాల్లోనూ కాలి సిర కోయడం ఉంది. వాటిలో కనీసం ఒకదాని వెనక త్రోతా అనే స్త్రీ వైద్యురాలు ఉంది కాబట్టి 'ఆడవాళ్ళే వైద్యం చేస్తే ఇలా ఉండేది కాదు' అని మనం తేలిగ్గా అనేసుకోడానికి లేదు. పాలిపోయి, మెట్లెక్కలేక ఆయాసపడే పిల్లకి ఉన్న కాస్త రక్తమూ తీసేయడం పదిహేను వందల ఏళ్ళకి పైగా చదువుకున్న వైద్యమే.

అందరూ ఇలాగే అనుకున్నారని, ఆ కాలానికి అంతే తెలుసని సరిపెట్టుకోబోతే సొరానస్ అడ్డం వస్తాడు. ఎఫెసస్ నుంచి రోముకొచ్చి, గేలన్‌కన్నా ముందే స్త్రీల వైద్యం మీద పెద్ద పుస్తకం రాసినవాడు. ముట్టు బిడ్డలు కనడానికి పనికొస్తుందే తప్ప ఆడదాని ఒంటికి దానివల్ల ప్రత్యేకంగా ఆరోగ్యమేమీ లేదన్నాడు. జీవితమంతా కన్యగా ఉండిపోవడం ఆరోగ్యానికి మంచిదే అన్నాడు. ముట్టు రానివాళ్ళందరికీ జబ్బున్నట్టు కాదు, మరీ చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, గర్భిణులు, పాటగత్తెలు, వ్యాయామం బాగా చేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి మందు అక్కర్లేదన్నాడు. బాగా పరిగెత్తే పిల్లలకి ముట్టు ఆగిపోవచ్చని ఇవాళ క్రీడావైద్యం చెబుతున్న సంగతి దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట గమనించినవాడున్నాడు. (అలాంటి పిల్లలకి ఎముకలు పలచబడే ప్రమాదం ఉందన్నది ఆయనకి తెలీదు, మనకి తెలుసు.) ఆయన పుస్తకం లాటిన్ సంక్షిప్తాల ద్వారా మంత్రసానుల పుస్తకాల్లోకి కొంత చేరింది గాని, గ్రీకు మూలం 1838లో గాని అచ్చుకాలేదు. ఏ పుస్తకం నిలుస్తుంది, ఏది మూలపడుతుంది అనేదాంట్లో కాకతాళీయం చాలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కాని కన్యలకి పెళ్ళి చెయ్యండన్న ఆ రెండు పేజీలకి పట్టిన అదృష్టం చూస్తే ఉత్త కాకతాళీయం అనిపించదు.

1525లో హిపోక్రటిస్ గ్రంథాలన్నీ రోములో లాటిన్‌లో అచ్చయ్యాయి. 1554లో యొహానెస్ లాంగె అనే జర్మన్ ఆస్థాన వైద్యుడు తన ఉత్తరాలు ప్రచురించాడు. అందులో ఒకటి ఒక మిత్రుడికి రాసింది. మిత్రుడి పెద్దకూతురు అన్నా. పోయినేడాదిదాకా బుగ్గలు ఎర్రగా ఉన్న పిల్ల నెత్తురు లేనట్టు పాలిపోయింది. కాస్త కదిలితే గుండెదడ, కణతల్లో నరాలు కొట్టుకుంటాయి, నాట్యం చేసినా మెట్లెక్కినా ఆయాసం, రాత్రిళ్ళు కాళ్ళకి నీరు. తిండి సహించదు, ముఖ్యంగా మాంసం. పెళ్ళి సంబంధాలు వస్తున్నాయి, తండ్రి కంగారు అదీ. లాంగె జవాబు ఊహించవచ్చు. ఇది కన్యల జబ్బు, హిపోక్రటిస్ చెప్పాడు, పెళ్ళి చేసెయ్యి, నేనూ సంతోషంగా పెళ్ళికొస్తాను అన్నాడు. ఆ ఉత్తరం తండ్రికి. అన్నాకి ఎవరూ ఉత్తరం రాయలేదు.

లక్షణాలు మళ్ళీ ఒకసారి చూడండి. ఏ ప్రైమరీ హెల్త్ సెంటర్లో పనిచేసే నర్సమ్మయినా చూడగానే కనురెప్ప కిందికి లాగి చూస్తుంది. మాంసం తినలేకపోతోందన్న సంగతి లాంగెకి తెలుసు, కాగితం మీద పెట్టాడు. అయినా ఆ వాక్యం దగ్గర ఆగలేదు. ఆగడానికి ఆయన ముందున్న ప్రశ్న 'పిల్లకేమైంది' అన్నది కాదు. 'పెళ్ళి చెయ్యొచ్చా' అన్నది.

ఇంగ్లండులో దీన్ని ఆకుపచ్చ జబ్బనేవారు. 1615 ప్రాంతంలో మోంపెల్యే వైద్యాచార్యుడు జాన్ వరాందాల్ దీనికి క్లోరోసిస్ అని గ్రీకు పేరు పెట్టాడు. ఆ గ్రీకు మాటలో పసుపు, పచ్చ, పాలిపోవడం అన్నీ కలిసి ఉన్నాయి. జబ్బు పేరు త్వరలోనే తిట్టుగా కూడా పనికొచ్చింది. షేక్‌స్పియర్ నాటకంలో పద్నాలుగేళ్ళు నిండని జూలియట్ తండ్రి తెచ్చిన సంబంధం వద్దంటే, తండ్రి ఆ జబ్బు పేరు పెట్టే ఆమెని తిడతాడు. పెళ్ళొద్దన్న పిల్లకి పెళ్ళితో పోయే జబ్బు అంటగట్టడం అంత సులువు.

ఈ పిల్లలు సుద్ద, బొగ్గు, మట్టి, సున్నం తింటారని కూడా అప్పటి వైద్యులు రాశారు. చెడిపోయిన రుచి అనీ, ఆడబుద్ధి అనీ అనుకున్నారు. బలపాలు కొరికి తిని తల్లితో దెబ్బలు తిన్న పిల్లలు మన బళ్ళలో ఎంతమంది! బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి పిడికెడు నోట్లో వేసుకునేవాళ్ళు, వాన పడితే మట్టివాసనకి నోరూరేవాళ్ళు మనలో లేరా? ఒంట్లో ఇనుము తక్కువైనవాళ్ళలో ఇలాంటి కోరికలు ఎక్కువ కనపడతాయని ఇవాళ ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది.

ఇనుము యూరప్ వైద్యులకి తెలీనిదీ కాదు. 1680ల్లోనే లండన్‌లో థామస్ సిడెన్‌హామ్ ఉక్కు రజను మందుగా ఇచ్చాడు. నీరుగారిన రక్తానికి పట్టునిస్తుందన్నది ఆయన లెక్క. కాని ఆయనా ఈ జబ్బుని హిస్టీరియా కిందే జమకట్టాడు, ఉక్కుకి ముందు రక్తం తీయించడం, విరేచనాలు చేయించడం మానలేదు. 1832లో ఫ్రాన్సులో పియేర్ బ్లో తయారుచేసిన ఇనుము మాత్రలు బాగా పనిచేశాయి, ప్రపంచమంతా వాడింది. అయినా వైద్యులు ఊరుకోలేదు. ఇనుము ఎలా పనిచేస్తుందో వాదులాడుకున్నారు, కార్సెట్ బిగుతన్నారు, మలబద్ధకమన్నారు, ప్రేమ వైఫల్యమన్నారు. 1890ల్లో స్కాట్లండులో రాల్ఫ్ స్టాక్‌మన్ అనే డాక్టరు ఒక మామూలు పని చేశాడు. ఈ పిల్లలు రోజూ ఏం తింటున్నారో చూసి, ఆ తిండిలో ఇనుము ఎంతుందో లెక్కకట్టాడు. చాలా తక్కువుందని తేలింది. రొట్టె, టీ మీద బతికే పనిపిల్లలు, మాంసం నాజూకు కాదని వద్దనుకునే పెద్దింటి పిల్లలు, ఇద్దరి ఒంట్లోనూ అదే లేమి. తమ్ముడి పళ్ళెంలోకి వెళ్ళిన ముక్క అక్క పళ్ళెంలోకి రాలేదని తెలుసుకోడానికి చదువుకున్న వైద్యానికి మూడు వందల నలభై ఏళ్ళు పట్టింది, లాంగె ఉత్తరం నుంచి లెక్కేసుకుంటే. 1920ల తర్వాత క్లోరోసిస్ అన్న జబ్బు వైద్యుల రికార్డుల్లోంచే దాదాపు మాయమైపోయింది.

ఈ జబ్బు మీద 2004లో పుస్తకం రాసిన చరిత్రకారిణి హెలెన్ కింగ్ ఒక హెచ్చరిక చేస్తుంది. పాతకాలపు ఆకుపచ్చ జబ్బుని ఇవాళ్టి రక్తహీనత అని తేలిగ్గా అనువదించుకోవద్దని. ఆ పేరు కింద రకరకాల పిల్లలు, రకరకాల బాధలు వచ్చి చేరాయనీ, 'కన్యల జబ్బు' అన్న చట్రమే వాళ్ళని ఒక్కటిగా చూపిందనీ. అది సరైన మాటే. కొంతమందికి క్షయ ఉండుంటుంది. కొంతమంది కావాలనే తిండి మానేసుంటారు. 1870ల్లో విలియం గల్ ఆకలి చచ్చిపోయే మానసిక రుగ్మతకి పేరుపెట్టినప్పుడు ముట్టు ఆగడం దాని లక్షణాల్లో రాశాడు. కొంతమందికి అసలు జబ్బే లేకపోవచ్చు, పెళ్ళంటే అయిష్టం తప్ప. కాని ఆ జాగ్రత్త పేరుతో తిండి ప్రశ్నని పక్కన పెట్టడానికి నేను సిద్ధంగా లేను. చట్రం కల్పితమే అయినా ఆయాసం కల్పితం కాదు.

ఇక మనింటికొద్దాం. 'మన ఆయుర్వేదంలో ఇవన్నీ ముందే ఉన్నాయి' అనేవాళ్ళు ఉంటారు. కొంత ఉన్నమాట నిజం. చరకసంహిత పాండురోగానికి ఇనుముతో చేసిన మందులు చెప్పింది. మట్టి తినడానికీ పాండురోగానికీ సంబంధం గుర్తించింది. సుశ్రుతసంహిత ముట్టు ఆగినవాళ్ళకి చేపలు, ఉలవలు, పులుపు, నువ్వులు, మినుములు, సుర, పెరుగు పెట్టమంది. ఇక్కడ ముందు పళ్ళెం కనపడుతోంది, కత్తి కాదు. సమర్తాడిన పిల్లకి నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెట్టడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. ఆ తిండిలో ఇనుమూ ఉంది, బలమూ ఉంది.

అయితే అదే చరకంలో ఒళ్ళు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగుకి తిరిగే హలీమకం అనే జబ్బుంది. దాని లక్షణాల్లో ఒకటి స్త్రీల మీద కోరిక లేకపోవడం. అంటే ఆ శ్లోకం రాసినవాడి కళ్ళముందున్న రోగి మగవాడు. ఇనుము మందుల అధ్యాయంలో మగరోగి, ముట్టు ప్రస్తావన వేరేచోట, గర్భాధానం గురించి చెప్పేచోట. రెంటినీ కలిపి పాలిపోయిన పిల్లని చూసే చూపు ఇక్కడా సులభంగా దొరకదు. పైగా మన ధర్మశాస్త్రాలు పిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్ళి చెయ్యాలన్నాయి, లేకపోతే ప్రతి ముట్టూ తండ్రికి పాపమన్నాయి. అక్కడ ముట్టు తెప్పించడానికి పెళ్ళి, ఇక్కడ ముట్టు రాకముందే పెళ్ళి. చిమ్మిలి సంగతీ అంతే. పదకొండు రోజులు ముద్దుగా పెట్టి, పన్నెండో రోజు నుంచి మిగిలింది తిను అంటే ఆ బలం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఆడవాళ్ళ దగ్గర సొంత మందులూ ఉండేవి. యూరప్‌లో పెన్నీరాయల్ అనే పుదీనా జాతి మొక్క, సదాపాకు, సావిన్ అనే పొద, ఆర్తెమిస్ పేరే పెట్టుకున్న ఆర్టెమీసియా, అదే మనం వినాయకచవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతి. ఇవన్నీ ముట్టు తెప్పించే మందులని పుస్తకాల్లో ఉండేవి. మన దగ్గర బొప్పాయి, నువ్వులు-బెల్లం ఉన్నట్టు. 'ముట్టు తెప్పించడం' అన్న మాటలో ఒక వెసులుబాటుంది. ఆగింది ఎందుకో ఎవరూ అడగరు. కడుపు నిలిచిందో, రక్తం చాలదో, తాగేవాళ్ళకి తెలుసు, ఇచ్చేవాళ్ళకి తెలుసు, పైకి చెప్పుకునేది ఆగిన ముట్టు. ఇంగ్లండులో 1803 చట్టం, మన దగ్గర 1860 శిక్షాస్మృతి గర్భస్రావాన్ని నేరం చేశాక ఆ ముసుగు అవసరం ఇంకా పెరిగింది. 1979 నుంచి బంగ్లాదేశ్ ప్రభుత్వం 'ముట్టు క్రమబద్ధీకరణ' పేరుతో నడుపుతున్న కార్యక్రమం ఆ పాత వెసులుబాటుకే ప్రభుత్వ రూపం.

నేనీ మందుల్ని పొగడటం లేదు. సావిన్ ప్రాణం తీసేది. పెన్నీరాయల్ నూనె లివర్ని పాడుచేస్తుంది, 1978లో అమెరికాలోని కొలరాడోలో అది తాగి పద్దెనిమిదేళ్ళ పిల్ల చనిపోయింది. రహస్యంగా వాడాల్సిన మందు మోతాదు ఎవరూ సరిగ్గా చెప్పరు. తప్పు మొక్కది కాదు, రహస్యానిది.

ఆ రహస్యాన్ని సొమ్ము చేసుకున్న కంపెనీల సంగతి మన దేశంలోనే ఉంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ పెద్ద మోతాదులో కలిపిన ఇ.పి. మందుల్ని ఆగిన ముట్టు తెప్పించడానికని అమ్మేవారు. ఆడవాళ్ళు కడుపు ఉందో లేదో తెలుసుకోడానికీ, పోగొట్టుకోడానికీ వాడేవాళ్ళు. కడుపు పోదు సరికదా, లోపల బిడ్డకి అవకరాలొస్తాయన్న అనుమానం. 1982లో ప్రభుత్వం నిషేధిస్తే కంపెనీలు కోర్టులకెళ్ళి ఆపించాయి. స్త్రీల సంఘాలు, మందుల మీద పనిచేసే సంఘాలు సుప్రీంకోర్టుదాకా పోరాడాక 1988లో గాని నిషేధం అమలుకి రాలేదు. మన ఉద్యమం గెలిచిన కొద్ది పోరాటాల్లో అదొకటి. కొత్తగా వస్తున్న పిల్లలకి ఆ కథ చెప్పడం మనం మానేశాం.

ఇవాళ ఆ పెద్ద మోతాదులు లేవు. ముట్టు రాని పిల్లకి అయిదు, పది రోజులు హార్మోన్ మాత్రలిస్తారు, ఆపగానే రక్తస్రావం అవుతుంది. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. మాత్ర ఆపినందుకు వచ్చిన రక్తం అది. పిల్ల ఒంట్లో మామూలు చక్రం మళ్ళీ మొదలైనట్టు కాదు. ఆ మాత్రలు అక్కర్లేదనడం లేదు, పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి నెలల తరబడి రక్తస్రావం కాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, అప్పుడు అవి కావాలి. థైరాయిడ్ చూడాలి, ప్రొలాక్టిన్ చూడాలి, మన దేశంలో గర్భసంచి క్షయ కూడా చూడాలి. పదిహేనేళ్ళు నిండినా అసలు పెద్దమనిషి కాకపోయినా, వస్తున్న ముట్టు మూడు నెలలు ఆగినా పరీక్ష చేయించాలి. కాని ఎందుకాగిందో చెప్పకుండా రక్తం తెప్పించి పంపేస్తే, ఇరుక్కున్నదాన్ని బయటకి తీశామన్న పాత లెక్కే అది. 'పెళ్ళయితే అదే సర్దుకుంటుంది లెండి' అన్న మాట తెల్లకోటు వేసుకున్నవాళ్ళ నోటివెంట, ఆడడాక్టర్ల నోటివెంట కూడా, ఇప్పటికీ వింటున్నాం. ఇంటర్ హాస్టళ్ళలో ఆడపిల్లలతో మాట్లాడుతున్నప్పుడు నేను చాలాసార్లు విన్నదిదే. పొద్దున అయిదింటికి లేచి రాత్రి పదింటిదాకా చదివే పిల్ల, టిఫిను మానేసి, మెస్సులో చారన్నంతో సరిపెట్టుకుని, ర్యాంకు భయంతో నిద్రపట్టక, నాలుగు నెలలు ముట్టు రాక డాక్టరు దగ్గరికెళ్తే, పెళ్ళి సంగతి తెస్తారా!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తం తక్కువ. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. 2015-16లో ఆడపిల్లల అంకె 54.1, అంటే పెరిగింది. అదే సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ రెండు అంకెలూ చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటాయి. వారానికో నీలం రంగు ఇనుము మాత్ర బళ్ళలో ఇస్తున్నారు, మంచిదే. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారమని పిల్లలు కిటికీలోంచి పారేస్తున్నారు. మాత్ర ఇచ్చే టీచరు ఆ పిల్ల పొద్దున ఏమైనా తిందా అని అడగడం లేదు, ఆమెకి ఇచ్చిన రిజిస్టర్లో ఆ గడి లేదు.

మన సంఘాలు చెయ్యగలిగిన పని ఇక్కడుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళే పిల్లతో మనలో ఒకరు వెళ్ళాలి. తల్లిని కాసేపు బయట కూచోబెట్టి పిల్లతో విడిగా మాట్లాడమని అడగాలి. కడుపు పరీక్ష చెయ్యాల్సివస్తే పిల్లకి చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే చెయ్యాలి. రాసిచ్చిన మాత్ర ఏం చేస్తుందో, ఏం చెయ్యదో తెలుగులో చెప్పించుకోవాలి. పెళ్ళి మాటెత్తితే, ఏ జబ్బుకి ఆ మందో చీటీ మీద రాసివ్వమని అడగాలి. హాస్టళ్ళకి వెళ్ళేవాళ్ళు పాఠం చెప్పడానికి ముందు మెస్సులోకి వెళ్ళి, రాత్రి ఎన్నింటికి కూర అయిపోతుందో, చివర వచ్చే బ్యాచికి ఏం మిగులుతుందో చూసి రాసుకు రండి. వచ్చే సంచికలో అవి వేద్దాం.